బడి క్యాలెండర్ ఏప్రిల్‌లోనే ఇంటికి చేరాలి

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాల విద్యాశాఖాధికారులకు బహిరంగ లేఖ

విషయం: బడి ఏడాదికి తగ్గట్టు ఇంటి దినచర్యను కుదుర్చుకోవడం, అందులో జిల్లా విద్యాశాఖ వంతు



తెలంగాణలో బడి జూన్ 12న తెరుచుకొని ఏప్రిల్ 23న మూతపడుతుంది. ఈ నడుమ 2025–26 విద్యా క్యాలెండర్ 230 పని దినాలను చూపింది. విద్యాహక్కు చట్టం కోరేది అంతకన్నా తక్కువే. ఐదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, 800 బోధనా గంటలు. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1000 గంటలు. ఇది బడి లెక్క. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇంటి లెక్క దీనితో కలవదు. మిరుగు రాగానే పత్తి గింజ పెట్టాలి. ఆషాఢ శ్రావణాల్లో నాట్లు వేయాలి. దసరా దాటితే పత్తి ఏరాలి, సంక్రాంతి వేళకు యాసంగి నాట్లు పడాలి, ఏప్రిల్‌లో కొనుగోలు కేంద్రం ముందు వడ్ల కుప్పకు కావలి కాయాలి. శ్రీరాంపూర్‌లోనో గోదావరిఖనిలోనో ఉంటే సింగరేణి షిఫ్టును బట్టి పొయ్యి వెలుగుతుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని బట్టి, కోరుట్ల మెట్‌పల్లిలలో బీడీల లెక్కను బట్టి, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చే ఫోన్‌ను బట్టి ఇల్లు మేల్కొని పడుకుంటుంది.

పిల్లల దినచర్య మీద పత్రికల్లో వచ్చే సలహాలన్నీ ఉదయం తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వచ్చే ఉద్యోగుల ఇంటిని తలచుకొని రాసినవి. అలాంటి ఇళ్లు కరీంనగర్ పట్నంలో ఉన్నాయి, రామగుండం క్వార్టర్లలో ఉన్నాయి. మిగతా చోట్ల జూన్‌లో ఒకసారి టైంటేబుల్ రాసి గోడకు అంటిస్తే అది ఆగస్టు దాకా కూడా నిలవదు. ఇక్కడ ఇంటి దినచర్య ఏడాదికి నాలుగైదు సార్లు మారి తీరాలి. అలా మారడం క్రమశిక్షణ లేకపోవడం కాదు. ఎప్పుడు మారుతుందో ముందే తెలిస్తే ఏ ఇల్లయినా సర్దుకుంటుంది. తెలియకపోతే ఆ బరువు బడి పిల్లల మీద, అందులోనూ ఆడపిల్లల మీద పడుతుంది. ఇల్లు ఎక్కడెక్కడ తడబడుతుందో నెలల వారీగా చూస్తే, అందులో సగం చోట్ల జిల్లా కార్యాలయం సాయం చేయగలదని తెలుస్తుంది.

మొదటి తడబాటు డబ్బు దగ్గర. దినచర్య అంటే గంటల సర్దుబాటే అనుకుంటారు గానీ, ఈ ప్రాంతంలో అది ముందు పైసల సర్దుబాటు. జూన్ నెల సాగు ఇంటికి చేతిలో ఏమీ లేని కాలం. గింజలు, ఎరువులు, దుక్కి కూలి అన్నీ అప్పుడే. అదే పక్షంలో బూట్లు, సంచి, నోటు పుస్తకాలు, ప్రైవేటు బడి అయితే మొదటి విడత ఫీజు, వ్యాన్ కిరాయి. పత్తి, వడ్ల డబ్బు చేతికొచ్చేది నవంబరు, డిసెంబరులో. ఆ డబ్బులోంచి జూన్ ఖర్చును తీసి విడిగా పెట్టే ఇల్లు మిత్తికి తెచ్చుకోదు, మహిళా సంఘంలో పొదుపు చేసుకునే తల్లులకు ఈ లెక్క కొత్తదీ కాదు. ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం ఉచితమే. అవి బడి తెరిచిన రోజునే చేతికి అందితే తల్లి బజారుకు పోదు. పక్షం ఆలస్యమైతే మాత్రం, పిల్ల పాత బట్టల్లో వెళ్లడానికి సిగ్గుపడుతుందని, ఒక జత కొననే కొంటుంది. ఉచితంగా రావలసిన దానికి అప్పు చేసినట్టు అవుతుంది. యూనిఫాం బట్ట సిరిసిల్ల మగ్గాల మీద నేయించి, మహిళా సంఘాల చేత కుట్టించే పద్ధతి వచ్చాక ఈ ఆలస్యానికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కొలతలు వేసవి సెలవులకు ముందే తీసుకోవాలి, అంతే.

రెండోది కాగితాలు. కులం, ఆదాయం ధ్రువపత్రాల కోసం మీసేవ ముందు జూన్‌లో నిలబడే వరుసలో కూలి పోగొట్టుకొని వచ్చినవాళ్లే ఎక్కువ. పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప వివరాలు అయిదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి నమోదు చేయించాలి. 5–7 ఏళ్ల మధ్య, 15–17 ఏళ్ల మధ్య చేయిస్తే రుసుము లేదు. ఇవన్నీ మే నెలలో, సూర్యుడు నెత్తి మీదికి రాకముందు పూర్తయ్యే పనులు. తొమ్మిదో తరగతి ముగించిన పిల్లల ఇంట్లో అదే నెలలో ఇంకొక పని ఉంది. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ బడి రిజిస్టరులో, ఆధార్‌లో ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. పదో తరగతి నామినల్ రోల్స్ పోయాక దిద్దించుకోవడం ఎంత తిరుగుడో ఒకసారి తిరిగిన ఇంటికి తెలుసు.

ఇక రోజు. బడి గంటకు వెనక్కి లెక్కపెడుతూ వస్తేనే పొద్దు కుదురుతుంది. ప్రాథమిక బడులు ఉదయం 9 గంటలకే మొదలయ్యేవి. ఉన్నత పాఠశాలలు 9:30కు. 2024 జులైలో హైదరాబాద్, సికింద్రాబాద్ మినహా ఉన్నత పాఠశాలలను కూడా 9 గంటలకు తెచ్చారు. సాయంత్రం 4:15కి వదులుతారు. ఈ మార్పుకు పత్రికలు అంత చోటు ఇవ్వలేదు గానీ ఇంటికి అది పెద్ద మేలు. ఎనిమిదో తరగతి అక్క మూడో తరగతి తమ్ముణ్ని వెంటబెట్టుకొని ఒకేసారి గడప దాటుతుంది, తల్లి పిల్లలను రెండుసార్లు తయారు చేసి పంపాల్సిన పని తప్పింది. తొమ్మిదికి ప్రార్థనలో ఉండాలంటే, నడక అరగంట అయితే, ఎనిమిదిన్నరకు బయల్దేరాలి, ఎనిమిదింటికి తినాలి, ఆరున్నరకు లేవాలి. అమెరికా నిద్రవైద్యుల సంస్థ 2016లో చెప్పిన లెక్క ప్రకారం 6–12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9–12 గంటలు, 13–18 ఏళ్లవారికి 8–10 గంటల నిద్ర కావాలి. అంటే ఆరున్నరకు లేచే నాలుగో తరగతి పిల్లవాడు తొమ్మిదిన్నర దాటకుండా పడుకోవాలి. ప్రైవేటు బడి వ్యాన్ ఏడున్నరకే ఊళ్లోకి వస్తుంటే ఆ పిల్లవాడు ఎనిమిదిన్నరకే పడుకోవాలి. అంత పొద్దుగాల పడుకునే ఇల్లు ఒక్కటి చూపించడం కష్టం. వ్యాన్ ఎక్కించే ముందు తల్లిదండ్రులు ఫీజు ఎంతో అడుగుతారు గానీ, ఊళ్లోకి ఎన్నింటికి వస్తుందో అడగరు.

బస్సు మీద ఆధారపడే ఊళ్లలో బడి గంట ఎంతదైనా, అసలు వేళ పల్లెవెలుగుదే. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక ఆడపిల్లలను దూరపు ఉన్నత పాఠశాలకు పంపడానికి ఇంట్లో ఒక అడ్డంకి తగ్గింది. కానీ ఎనిమిదింటి బస్సు నిండిపోయి ఆగకుండా పోతే తొమ్మిదిన్నర బస్సే దిక్కు. ఆ పిల్లకు రిజిస్టరులో ఆలస్యం పడుతుంది. డిపో మేనేజరుతో మాట్లాడి బడి వేళకు బస్సు వేళను కలపడం ఒక ఇంటివల్ల అయ్యే పని కాదు.

సంచి రాత్రే సర్దుకోవడం అన్నిటికన్నా తేలికైన అలవాటు, అన్నిటికన్నా తొందరగా ఎగిరిపోయేది కూడా. 2017లో తెలంగాణ ప్రభుత్వం సంచుల బరువు మీద ఉత్తర్వు ఇచ్చింది. ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలు మించకూడదు. 2020 జాతీయ బడి సంచి విధానం పిల్లల బరువులో పదో వంతు అంది. టైంటేబుల్ చూసి మర్నాటి పుస్తకాలే పెట్టుకుంటే ఈ హద్దులోనే ఉంటుంది. పొద్దున హడావుడిలో సర్దితే మొత్తం పుస్తకాలు నింపుకొని పోతారు. ఇంటిపని సంగతీ అదే విధానం చెప్పింది: రెండో తరగతి దాకా ఇంటిపని వద్దు, మూడు నుంచి ఐదు దాకా వారానికి 2 గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట, ఆపైన 2 గంటలు. ఒకటో తరగతి పిల్లకు రోజుకు నాలుగు పేజీలు రాయమనే బడులు, అదే మంచి చదువు అనుకునే తల్లిదండ్రులు ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ హద్దును బడి నోటీసు బోర్డు మీద రాయిస్తే చాలా ఇళ్లలో సాయంత్రం గొడవ తగ్గుతుంది.

జులై వానలు ఈ ఏర్పాటునంతా ఒకసారి కదిలిస్తాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాగు పొంగితే బడి ఆవలి ఒడ్డున, పిల్లలు ఈవలి ఒడ్డున. 2022 జులైలో భారీ వానలకు కడెం ప్రాజెక్టు కట్ట దాటి నీరు పోతుందేమోనని రాత్రికి రాత్రే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ నెల 11 నుంచి 16 దాకా రాష్ట్రమంతా బడులు మూశారు. అలాంటి సెలవును ఎవరూ తప్పుపట్టరు. తప్పు అది తెలిసే వేళది. 2023 జులై 20న సెలవు మాట ఉదయం బయటికొచ్చేసరికి చాలామంది పిల్లలు తడుస్తూ బడికి చేరిపోయారు. నాటు వేయడానికి పోయిన తల్లి పొలంలో, తాళం వేసిన ఇంటి ముందు అరుగు మీద పిల్లలు! వాన సెలవు ముందురోజు రాత్రి ఎనిమిదింటిలోపు చెప్పడం ఎప్పుడూ సాధ్యం కాకపోవచ్చు. ఉదయం చెప్పవలసివస్తే ఆరింటికి, గ్రామ పంచాయతీ మైకులో, గోండు గూడేల్లో గోండిలో చెప్పాలి. వాట్సాప్ గుంపులో వేస్తే చెప్పినట్టే అనుకోవడం జిల్లా కేంద్రాల నుంచి పుట్టిన అలవాటు. ఫోన్ తండ్రి జేబులో ఉంటుంది, తండ్రి పొలంలో ఉంటాడు.

యూనిఫాం ఆరకపోవడం కూడా జులై సమస్యే. ఉన్నవి రెండు జతలు. సోమవారం తడిసింది బుధవారానికి గానీ ఆరదు. వంటింట్లో పొయ్యి పైన తీగ కట్టి ఆరేస్తారు, పొద్దునకు అది కట్టెల పొగ వాసన కొడుతుంది. ముసురు పట్టిన వారాల్లో మామూలు బట్టలతో రానిస్తామని ప్రధానోపాధ్యాయుడు ఒక్క మాట చెప్పిన బడిలో ఈ కారణంతో నాగాలు పడవు.

సాయంత్రం నాలుగుంబావు నుంచి తొమ్మిదిన్నర దాకా ఉన్న అయిదు గంటలే ఇంటి చేతిలో నిజంగా ఉండేవి. మధ్యాహ్నం బడిలో సన్నబియ్యం బువ్వ, వారానికి మూడు రోజులు గుడ్డు తిన్నవాళ్లు అయిదింటికి మళ్లీ ఆకలితో వస్తారు. మక్క గుడాలో, పల్లీలో, పొద్దున చేసి ఉంచిన సర్వపిండి ముక్కో చేతిలో పెట్టి ఒక గంట ఆడుకోనిస్తే, ఆరున్నరకు చదువు దగ్గర కూర్చోబెట్టడం సులువు. వచ్చీరాగానే పుస్తకం తెరవమంటే తెరుస్తారు, చదవరు.

ఈ అయిదు గంటలు అన్ని ఇళ్లలో ఒకలా గడవవు. బీడీలు చుట్టే ఇంట్లో తల్లి చాట ముందేసుకొని కూర్చుంటుంది. పొద్దున తడిపి ఉంచిన తునికాకును అచ్చు పెట్టి కత్తిరించడం అయిపోయి ఉంటుంది. తంబాకు చిటికెడు వేసి చుట్టి, దారం కట్టి, పక్కకు పెడుతుంది. మూతులు మలవడం చిన్న వేళ్లకు అలవాటైన పని కాబట్టి, బడి నుంచి వచ్చిన కూతురు అడగకుండానే పక్కన కూర్చుంటుంది. ఒక్క గంట సాయం అన్నట్టే మొదలై, రేపు టేకేదారుకు లెక్క అప్పజెప్పాలన్న తొందరలో తొమ్మిది దాటుతుంది. ఇంటికి ఆ డబ్బు అవసరమే. కాబట్టి ఆ ఇంటికి చెప్పదగ్గ మాట ఒక్కటే. ముందు ఇంటిపని, తర్వాత మూతులు. పరీక్షల నెలలో మూతులు అసలే వద్దు. తంబాకు దుమ్ము దగ్గర పిల్లలను కూర్చోబెట్టకూడదన్నది అంతకన్నా పెద్ద మాట. తల్లిదండ్రుల సమావేశంలో దాన్ని నిందలా కాకుండా చెప్పగల ఉపాధ్యాయురాలు ఉండాలి.

సిరిసిల్లలో మరమగ్గాలు పగలూ రాత్రీ పాళీల మీద నడుస్తాయి, బొగ్గుగనుల ఊళ్లలో మూడు షిఫ్టులు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడుకునే వేళ, పిల్లలు బడికి తయారయ్యే వేళ ఒకటే. రెండు గదుల క్వార్టరులో అది రోజూ జరిగే ఇబ్బంది. కొన్ని ఇళ్లు షిఫ్టులకు తగ్గట్టు చదువుకొక తెలివైన ఏర్పాటు చేసుకున్నాయి: తండ్రి రెండో షిఫ్టులో ఉన్న వారం చదువు బాధ్యత తల్లిది, మొదటి షిఫ్టులో ఉన్న వారం సాయంత్రం లెక్కలు తండ్రివి. క్యాలెండరులో షిఫ్టు గుర్తులు పెట్టుకున్నట్టే పక్కన ఆ గుర్తులూ పెట్టుకుంటారు.

గల్ఫ్ ఇళ్ల సంగతి కాస్త వివరంగా చూడాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో తండ్రి దుబాయిలోనో సౌదీలోనో ఉన్న ఇల్లు లేని వాడ ఉండదు. దుబాయి, మస్కట్ మన గడియారానికి గంటన్నర వెనక, సౌదీ, ఖతర్, కువైట్ రెండున్నర గంటలు వెనక. సౌదీలో పని దిగి, క్యాంపుకు చేరి, వండుకొని తిని ఫోన్ పట్టుకునేసరికి అక్కడ రాత్రి ఎనిమిది. ఇక్కడ పదిన్నర. ఆ వీడియో కాల్ కోసమే పిల్లలు మేల్కొని ఉంటారు, లేదా నిద్రలోంచి లేపుతారు. అంత దూరాన ఉన్న బాపు మొఖం చూడొద్దని ఏ దినచర్యా చెప్పలేదు, చెప్పకూడదు. అయితే సౌదీ, కువైట్‌లలో వారపు సెలవు శుక్రవారం. ఆ రోజు మన సాయంత్రం ఆరింటికి అక్కడ మధ్యాహ్నం మూడున్నర. శుక్రవారం పెద్ద మాటలు, నోటు పుస్తకం కెమెరాకు చూపించడం, మార్కుల ముచ్చట. మిగతా రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి, అక్కడ అయిదున్నరకు పనికి పోయే ముందు, రెండు నిమిషాల పలకరింపు. ఇలా మార్చుకున్న ఇంట్లో నిద్రా దక్కుతుంది, తండ్రీ దక్కుతాడు. మరో చిక్కు బడిది. తల్లిదండ్రుల సమావేశానికి తండ్రి రాలేదని రిజిస్టరులో రాసుకోవడం మాని, ఆ పూట తల్లి ఫోన్‌లో అతణ్ని కూడా కలుపుకోవచ్చని చెప్పే బడి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చాలా సాధిస్తుంది.

దసరా సెలవులు ఏడాదిలో మొదటి పెద్ద విరామం. 2025లో సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 దాకా 13 రోజులు ఇచ్చారు. సరిగ్గా ఎంగిలిపూల బతుకమ్మ నాడు మొదలయ్యాయి. అది మంచి లెక్క. పూలు తెంపుకు రావడానికి, తంగేడు గునుగు వెతకడానికి పిల్లలు పోకపోతే ఇంకెవరు పోతారు? పండుగ రోజుల్లో పొద్దున లేచే వేళ గంట అటూ ఇటూ అయినా నష్టం లేదు. బడి తెరవడానికి మూడు రోజుల ముందు నుంచి పాత వేళకు తెచ్చుకుంటే సరిపోతుంది. ఆదిలాబాద్ గూడేలకు మాత్రం పెద్ద పండుగ దసరా కాదు. దీపావళి ముందు సాగే దండారిలో గుస్సాడీ దళాలు ఊరి నుంచి ఊరికి పోతాయి, ఇళ్లకు ఇళ్లే చుట్టాలతో నిండిపోతాయి. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. మొదటి సంగ్రహణాత్మక పరీక్షలు అక్టోబరు 24న మొదలయ్యాయి. అంటే మైదానపు పిల్లలకు పండుగ అయిపోయి మూడు వారాలు చదువుకునే వ్యవధి దొరికింది, గోండు, కొలాం పిల్లలకు మూడు రోజులు. ఆ తర్వాత వారి మార్కులు తక్కువని వెనుకబాటు పట్టికలు తయారవుతాయి.

ఈ ప్రాంతానికి ఇందులో ఒక పాత ఉదాహరణ ఉంది. కుమ్రం భీం జోడేఘాట్ పోరాటం తర్వాత గోండుల మధ్యకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చయ్యాయి. ఊరి వాడే పంతులైతే ఏ నెలలో ఏ పని, ఏ పండుగో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పంతులు నిర్మల్ నుంచో మంచిర్యాల నుంచో వస్తాడు కాబట్టి ఆ సంగతి కాగితం మీద ఉండాలి. వారపు సంత కూడా అందులో రాయాలి. ఇంద్రవెల్లి సంత సోమవారం. ఆ మధ్యాహ్నం హాజరు తగ్గుతుందని తెలిసిన బడి యూనిట్ పరీక్షను మంగళవారం పెట్టుకుంటుంది.

దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి కాలం. ఈ లేఖలో అన్నిటికన్నా బరువైన భాగం ఇదే. కూలీలు దొరకరు, దొరికితే కూలి ఎక్కువ, పగిలిన పత్తి మంచులో నానితే రేటు పడిపోతుంది. పన్నెండేళ్ల పిల్ల రోజంతా చేనులో ఉంటే ఇంటికి ఒక కూలి మిగులుతుంది. ఇంకొక రకం నాగా రిజిస్టరులో అంతగా కనిపించదు. తల్లి చేనుకు పోయింది కాబట్టి చంటిపిల్లను పట్టుకొని పెద్దపిల్ల ఇంట్లో ఉండిపోవడం. దీనికి జరిమానాల కన్నా, బెదిరింపుల కన్నా అంగన్‌వాడీ వేళ పనికొస్తుంది. చంటిపిల్లను అంగన్‌వాడీలో వదిలే వీలుంటే పెద్దపిల్ల బడికి పోతుంది. తల్లి ఏడింటికే చేనుకు పోతే ఆ వీలు ఉండదు. ఏరుడు ముమ్మరంగా ఉండే ఆరేడు వారాలైనా అంగన్‌వాడీ వేళను కూలి వేళకు దగ్గరగా తేవడానికి ఐసీడీఎస్‌తో మాట్లాడవలసింది జిల్లా విద్యాశాఖే. ఇంటివైపు నుంచి చేయదగ్గది, ఆదివారాన్ని ఏరుడు రోజుగా ముందే పెట్టుకొని మిగతా ఆరు రోజులను ముట్టకపోవడం. చేను పక్క ఊరి బంధువులతో బదులు పని మాట్లాడుకున్న ఇళ్లు దీన్ని నడిపిస్తున్నాయి.

అప్పటికి చలి వచ్చేస్తుంది. తిర్యాణి, సిర్పూర్ (యు), బేల వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు తరచుగా పోతుంది, కొన్నేళ్లు 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆరున్నరకు లేవాలన్న జూన్ నాటి లెక్క అక్కడ చెల్లదు. నీళ్లు కాగాలి, పొగమంచు విడవాలి, వాగు వెంబడి నడిచే దారి కనబడాలి. ఆ మండలాల్లో డిసెంబరు, జనవరి నెలలకు బడి వేళను కొద్దిగా వెనక్కి జరపడం మంచిది. దాన్ని చలి ముదిరాక కాకుండా నవంబరులోనే చెప్పాలి. అదే కాలంలో పదో తరగతివారికి ఉదయం సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు. రాత్రి తొమ్మిది దాకా చదివించి తెల్లవారి అయిదింటికి లేపే పోటీ ఒకటి బడుల మధ్య నడుస్తోంది. పదిహేనేళ్లవారికి 8 గంటల నిద్ర తగ్గితే ఆ చదువు నిలవదు. పైగా చీకటి పడ్డాక ఆడపిల్ల ఇంటికి ఎలా చేరుతుందన్నది చదువు కన్నా ముందు ఆలోచించవలసింది. సాయంత్రం తరగతి ఉన్న రోజున ఏదైనా తినడానికి పెట్టి, బస్సు వేళకు వదిలే బడిలో తల్లిదండ్రులు అడ్డు చెప్పరు.

జనవరిలో సంక్రాంతి, ఆ వెంటే జాతరలు. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు జరుగుతుంది కాబట్టి ఏటా తేదీ మారుతూ ఉంటుంది: 2024లో ఫిబ్రవరి 9, 2025లో జనవరి 28, 2026లో జనవరి 18. రెండేళ్లకోసారి మేడారం, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. ఈ తేదీలు పంచాంగంలో ఏడాది ముందే ఉంటాయి. స్థానిక సెలవు ఇచ్చి మరో రోజు బడి నడపడం కొత్త పద్ధతీ కాదు. పదో తరగతి ప్రీఫైనల్‌ను జాతర వారంలోకి తోయకుండా ఉంటే చాలు.

మార్చి 15 నుంచి ఒంటిపూట బడి, ఉదయం 8 నుంచి 12:30 దాకా. ఇంటి దినచర్య ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ తారుమారయ్యేది అప్పుడే, ఎవరూ దాని గురించి ముందుగా చెప్పుకోరు. తొమ్మిది బడి ఒక్కసారిగా ఎనిమిది అవుతుంది. అడవి ఊళ్లలో అది ఇప్పపూల కాలం. పువ్వు తెల్లవారకముందే రాలుతుంది, పశువులు తినకముందే ఏరుకోవాలి. ఇల్లంతా నాలుగింటికే చెట్ల కిందికి పోతుంది. ఏడున్నరకు వచ్చి ఎనిమిదింటికి బడిలో కూర్చున్న పిల్లవాడు తొమ్మిదింటికి కునుకు తీస్తాడు. పిల్లలను ఆ పనికి తేవద్దని గ్రామపటేళ్ల చేత చెప్పిస్తే వింటారు, అధికారి చెబితే అంతగా వినరు. మిగతా ఊళ్లలో చిక్కు మధ్యాహ్నానిది. భోజనం చేసి ఒంటిగంటకు ఎండలో ఇంటికి చేరిన పిల్లలు సాయంత్రం దాకా ఏం చేయాలి? చెరువులో ఈత, బావి గట్టు, మామిడి తోట. ఏటా ఈ నెలల్లో చెరువుల్లో పిల్లలు మునిగిన వార్తలు వస్తూనే ఉన్నాయి. వాడలో ఒక ముసలమ్మ అరుగు, ఒక చదువుకున్న ఇంటర్ పిల్ల, ఒంటిగంట నుంచి నాలుగు దాకా అక్కడే నిద్ర, ఆట, కొంచెం చదువు. ఈ మాత్రం ఏర్పాటు నాలుగిళ్లు కలిసి చేసుకోవచ్చు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మరమ్మతుల బిల్లులతో పాటు ఈ పనినీ చేతికి తీసుకోవచ్చు.

గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలున్న ఇళ్లకు ఈ గొడవలు చాలావరకు లేవు. వారికి కావలసింది తేదీలే: ఎప్పుడు కలవనిస్తారు, సెలవులకు ఏ రోజు ఏ వేళకు తీసుకుపోవాలి. ఉట్నూర్ నుంచి వచ్చిన తండ్రి గేటు ముందు సాయంత్రం దాకా కూర్చునే పరిస్థితి ఒక చిన్న కాగితంతో పోతుంది.

వేసవిలో తునికాకు సేకరణ ఉంటుంది, పెళ్లిళ్లు ఉంటాయి, అమ్మమ్మ ఊరు ఉంటుంది. ఆ ఏడు వారాలకు టైంటేబుల్ వేయనవసరం లేదు. జూన్ మొదటి వారంలో నిద్ర వేళను రోజుకు పావుగంట చొప్పున ముందుకు తెచ్చుకుంటే 12వ తేదీ పొద్దున ఏడుపులు ఉండవు.

విద్యా క్యాలెండర్ ఇప్పుడు మే చివర్లోనో బడులు తెరిచే వేళకో వెలువడుతోంది, అదీ ఉపాధ్యాయులకు పీడీఎఫ్‌గా. ఏప్రిల్ 23న ప్రగతి పత్రాలు ఇవ్వడానికి తల్లిదండ్రులను ఎలాగూ పిలుస్తారు. ఆ రోజే ఒక్క పేజీ కాగితం చేతిలో పెట్టవచ్చు. బడి తెరిచే తేదీ, దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షల వారాలు, చలికాలపు వేళ, ఒంటిపూట మొదలయ్యే రోజు, మండలానికి సంబంధించిన సంత, జాతర. కింద వాన సెలవు ఎవరు, ఏ వేళకు, ఎలా చెబుతారో ఒక వాక్యం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేలకు అది గోండి, కొలామీ మాటల్లో చదివి వినిపించాలి, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లకు మరాఠీలో కూడా అచ్చువేయాలి. హైదరాబాద్ నుంచి ఖరారు కాని తేదీల దగ్గర ఖాళీ వదిలి, జూన్‌లో బడి తెరిచిన రోజున ప్రధానోపాధ్యాయుడు చేత్తో రాసి ఇవ్వవచ్చు.